అజాగ్రత్త అన్న మాట

కార్యాలయాల కోసమే కట్టిన నగర భాగాలు ఏ దేశంలోనైనా ఒకే పోలికతో ఉంటాయి. అద్దాల గోడలు, మెడలో గుర్తింపు కార్డులు వేలాడే యువతీయువకులు, అందరి నడకలోనూ ఒకే తొందర. మన హైదరాబాదులోని మాదాపూర్‌ను చూసినవారికి చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లోని క్వాద్రియో సముదాయం పెద్ద వింతగా తోచదు. కింద దుకాణాలు, పైన కార్యాలయాలు, నేల అడుగున నారోద్ని త్రీదా మెట్రో స్టేషను. అయితే ఆ భవనాల వెనుక ఆరుబయట ఒక భారీ తల నిలబడి ఉంటుంది. దానిని చూడటానికే ఎక్కడెక్కడివారో అక్కడికి వస్తారు.

చెక్ శిల్పి డేవిడ్ చెర్నీ 2014లో దానిని అక్కడ నెలకొల్పాడు. ఎత్తు దాదాపు 11 మీటర్లు, బరువు 40 టన్నులకు దగ్గర. అద్దంలా మెరిసే ఉక్కుతో చేసిన 42 పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి తలగా మలిచారు. ప్రతి పొరా దేనికదే తిరుగుతుంది. నుదురు ఒక దిక్కుకు పోతుంది, ముక్కు మరొక దిక్కుకు, గడ్డం ఇంకొక దిక్కుకు. చూస్తుండగానే ముఖం చెదిరిపోయి మెరిసే పలకల గుట్టగా మారుతుంది. మరికొంతసేపటికి అన్ని పొరలూ తమ తమ చోట్లకు వచ్చి కుదురుకుంటాయి. అప్పుడు ఒక మనిషి ముఖం స్పష్టంగా కనబడుతుంది. ఆ ముఖం ఫ్రాంజ్ కాఫ్కా అనే రచయితది.

మా పెద్దవాడు ప్రాగ్‌లో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. వాడి పట్టుదల మీద మేమిద్దరం, మాతోపాటు డెబ్భై ఆరేళ్ల మా అబ్బాజాన్ నెల రోజుల కోసం అక్కడికి వెళ్లాము. ఆ తలను చూసిన రోజున మా ఇంట్లో యాభై ఏళ్లుగా ఎవరూ కదపని సంగతి ఒకటి బయటికి వచ్చింది. అది మా ఒక్క ఇంటికి సంబంధించినది మాత్రమే కాదనిపించి పాఠకుల ముందు ఉంచుతున్నాము.

అబ్బాజాన్ కుడిచేతికి చూపుడువేలు, మధ్యవేలు లేవు. రాజమహేంద్రవరంలోని ఒక కోతమిల్లులో 1972లో, తన ఇరవై అయిదో ఏట ఆ రెండు వేళ్లనూ పోగొట్టుకున్నారు. గాయం మానిన తరువాత ఆయన పనికి తిరిగి వెళితే మిల్లు గుమాస్తా ఒక కాగితం చదివి వినిపించాడట. ప్రమాదానికి కారణం కార్మికుని అజాగ్రత్త అని అందులో రాసి ఉంది. అబ్బాజాన్ ఎడమచేతి బొటనవేలి ముద్ర వేశారు. చేతిలో యాభై రూపాయలు పెట్టి పంపించారు. ఆ తరువాత ఆయన కలప అడితిలో లెక్కలు చూసుకుంటూ, ఎడమచేత్తో రాయటం నేర్చుకుని మమ్మల్నందరినీ పెంచి పెద్ద చేశారు.

ఆ వేళ్ల గురించి ఎవరైనా అడిగితే ఆయన రెండే మాటలు చెప్పేవారు. మొదటిది, అల్లాహ్ రాసిన రాత అని. రెండవది, నా పరధ్యానం అని. మొదటి మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో నెమ్మది ఉండేది. రెండవ మాట చెప్పేటప్పుడు చెయ్యి జుబ్బా జేబులోకి పోయేది. పెళ్లిళ్ల ఫోటోలలో కూడా ఆ చెయ్యి కనబడదు. పిల్లలు గ్లాసు జారవిడిచినా, పుస్తకం మరిచిపోయినా ఆయన కోప్పడేవారు కాదు. కానీ, "జాగ్రత్త నాయనా, నాలాగా కావద్దు" అనేవారు. ఆ మాట వింటూనే మా ఇంట్లో రెండు తరాలు పెరిగాయి.

క్వాద్రియోకు వెళ్లిన రోజున అబ్బాజాన్ మొదట దూరంగానే నిలబడ్డారు. మా ఇంటి గోడలకు బొమ్మలు ఉండవు. అంత పెద్ద మనిషి తలను చూడటానికి ఆయనకు మనసు రాలేదు. అయితే అది కదలటం మొదలు కాగానే ఆయన చూపు మారింది. అందరూ ముఖాన్ని చూస్తుంటే ఆయన యంత్రాన్ని చూశారు. చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, పొరపొరకూ మోటారు వేరుగా ఉండాలని, లేకుంటే ఇన్ని వేగాలు కుదరవని అన్నారు. ఆ లెక్క సరైనదేనని, వాటినన్నిటినీ ఒక కంప్యూటరు నడిపిస్తుందని మా పెద్దవాడు చెప్పాడు. ఇంత బరువు తిరుగుతున్నా చప్పుడు ఎక్కువ లేదని అబ్బాజాన్ మెచ్చుకున్నారు.

"ఎవరు బేటా ఈయన?" అని ఆ తరువాత అడిగారు.

"కథలు రాసేవాడు దాదా. నూరేళ్ల కిందటి మనిషి."

"కథలతో ఇల్లు గడిచేదా? పొట్టకు ఏం చేసేవాడు?"

"ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. కార్మికులకు మిల్లుల్లో ప్రమాదాలు జరిగితే పరిహారం చూసే ఆఫీసు."

అబ్బాజాన్ మరేమీ అడగలేదు. బెంచీ మీద కూర్చుని, చెయ్యి జేబులో పెట్టుకుని, ఆ ముఖం చెదరటం, కలవటం చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

కాఫ్కా 1883లో ప్రాగ్‌లోని ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. న్యాయశాస్త్రం చదివాడు. 1908లో బొహీమియా రాజ్యపు కార్మిక ప్రమాద బీమా సంస్థలో చేరాడు. పగలు ఉద్యోగం, రాత్రిళ్లు రచన. క్షయవ్యాధి ముదరటంతో 1922లో ఉద్యోగం మానుకున్నాడు. 1924లో నలభై ఒక్క ఏళ్లు నిండకముందే కన్నుమూశాడు. తన రాతప్రతులను తగలబెట్టమని మిత్రుడు మాక్స్ బ్రాడ్‌ను కోరినా, బ్రాడ్ వాటిని దాచి అచ్చు వేయించాడు. లోకం ఆ కథలను చదివి ఆయనను గొప్ప రచయిత అన్నది. ఉద్యోగిగా ఆయన రాసిన కాగితాలను పట్టించుకున్నవారు తక్కువ.

ఆ కాగితాల ఇంగ్లీషు అనువాదం మా పెద్దవాడి ఇంట్లో ఉంది. ఆ రాత్రి ఇషా నమాజు తరువాత వాడు ఆ పుస్తకం తీసుకుని దాదా పక్కన కూర్చున్నాడు. అందులో 1910 నాటి నివేదిక ఒకటి ఉంది. కలపను నునుపు చేసే ప్లేనింగు మిషన్ల వద్ద ప్రమాదాలను ఆపటం ఎలా అన్నది దాని విషయం. మన వడ్రంగులు చిత్రికతో చేసే పనినే ఆ మిషను చేస్తుంది. ఇనుప బల్ల మధ్యలో ఒక సందు ఉంటుంది. ఆ సందు కింద కత్తులు బిగించిన ఇరుసు గిరగిరా తిరుగుతుంది. బద్దను బల్లపై అదిమిపట్టి ముందుకు తోస్తే దాని అడుగు భాగం చిత్రిక పడుతుంది. అబ్బాజాన్ వేళ్లు పోయింది అటువంటి మిషను మీదనే.

మా పెద్దవాడు వాక్యం వాక్యం తెలుగులో చెబుతూ పోయాడు. నలుచదరపు ఇరుసు అయితే కత్తుల అంచులు బయటికే ఉంటాయి, బల్లలో సందు వెడల్పుగా ఉంటుంది. పనివాడు ఒక చేత్తో బద్దను అదిమి, మరొక చేత్తో తోస్తున్నప్పుడు బద్ద హఠాత్తుగా వెనక్కి ఎగురుతుంది. చెయ్యి జారి సందులోకి పోతుంది. ఎంత జాగ్రత్త గల పనివాడైనా ఆ క్షణంలో చెయ్యగలిగింది ఏమీ ఉండదు. గుండ్రని ఇరుసు అయితే కత్తులు లోపల ఒదిగి ఉంటాయి, సందు ఇరుకుగా ఉంటుంది. చెయ్యి జారినా గీతలు పడతాయి తప్ప వేళ్లు తెగిపోవు. కాఫ్కా ఈ తేడాను బొమ్మలతో సహా చూపించాడు. రెండు రకాల ఇరుసుల బొమ్మలు, వాటి పక్కన వేళ్లు తెగిన చేతుల బొమ్మలు.

అబ్బాజాన్ కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీ మీదికి వంగారు. కుడిచేతిని జేబులోంచి తీసి బొమ్మ పక్కన ఆనించారు. తరువాత నలుచదరపు ఇరుసు బొమ్మను వేలితో చూపించి, "ఇదే. వారానికొకసారి దీని కత్తులు విప్పి సాన పట్టించింది నేనే. నాకు బాగా గుర్తు" అన్నారు. కొంత ఆగి, ఆ రోజున టేకు బద్దలో ముడి ఉందని, కత్తి ముడికి తగలగానే బద్ద గుండెల మీదికి తన్నిందని చెప్పారు. ఆ ముడి సంగతి యాభై ఏళ్లలో మేము విననే లేదు. అజాగ్రత్త అని కాగితం మీద రాసిన తరువాత ఆయనను ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

"అయితే దాదా, అది రాత కాదు, ఇరుసు" అన్నాడు మా పెద్దవాడు ఆవేశంగా.

"రాత రాతే బేటా. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఆ ఇరుసును బిగించింది మనిషి. అరవై ఏళ్ల ముందే ఇది తప్పని ఈయన రాసిపెట్టినా మార్చనిది మనిషి. నన్ను అజాగ్రత్తపరుడన్నదీ మనిషే" అన్నారు అబ్బాజాన్. ఆయన గొంతులో కోపం లేదు. వేళ్లు పోయిన బాధను ఆయన ఏనాడో దిగమింగారు. ఆయనను ఇన్నేళ్లు వంచినది ఆ ఒక్క మాట. ఆ రాత్రి అది ఆయన మీది నుంచి దిగిపోవటం మేము కళ్లారా చూశాము.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. మన దేశంలో 1923లోనే కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది. ఏ అవయవం పోతే సంపాదన శక్తిలో ఎంత శాతం పోయినట్లో దాని షెడ్యూలులో లెక్క ఉండేది. ఒక చేతి రెండు వేళ్లకు 20 శాతం. తాగి పనిచేసినా, రక్షణ కోసం పెట్టిన నియమాన్ని కావాలని ధిక్కరించినా, రక్షణ పరికరాన్ని తెలిసి తొలగించినా కొన్ని సందర్భాలలో పరిహారం రాకుండా పోయే వీలుండేది. మామూలు పరధ్యానం మాత్రం ఆ జాబితాలో ఉండేది కాదు. అంటే గుమాస్తా చదివిన ఆ కాగితంలోని కారణం నిజమే అయినా పరిహారాన్ని ఎగవేయటానికి అది చాలేది కాదు. బొటనవేలి ముద్ర వేసిన యువకునికి ఈ మాట చెప్పేవారు ఆ ఊళ్లో ఎవరూ లేకపోయారు.

జరిగిన ప్రతిదానినీ దైవనిర్ణయమని ఓర్చుకోవటం మన ఇళ్లలో పెద్దలు నేర్పిన సుగుణం. అది మనిషిని నిలబెడుతుంది. అబ్బాజాన్‌ను నిలబెట్టింది కూడా అదే. కానీ ఆ ఓర్పును అడ్డం పెట్టుకుని తమ బాధ్యతను దులుపుకునేవారు ఉంటారు. బాధపడినవాడు రాత అని ఓర్చుకుంటే అది అతని పెద్దరికం. యంత్రం యజమాని అదే మాట చెబితే అది తప్పించుకోవటం. ఈ రెంటినీ వేరు చేసి చూడటం మన పిల్లలకు నేర్పవలసి ఉంది. ఎందుకంటే మన బస్తీలలో నేటికీ వెల్డింగు దుకాణాల్లో, ఫర్నీచరు కార్ఖానాల్లో, రంపాల వద్ద మన బిడ్డలే చేతులు పెట్టి పనిచేస్తున్నారు.

మా మేనల్లుడికి రాజమహేంద్రవరంలో చిన్న ఫర్నీచరు కార్ఖానా ఉంది. ముగ్గురు కుర్రవాళ్లు పనిచేస్తారు. తిరిగి వచ్చిన మూడవ రోజునే అబ్బాజాన్ అక్కడికి బయలుదేరారు. ప్లేనింగు మిషను ఆపించి, వంగి చూశారు. ఇరుసు గుండ్రంగానే ఉంది. కానీ కత్తుల మీద కప్పి ఉంచవలసిన గార్డు గోడకు, మేకుకు వేలాడుతోంది.

"అది పెడితే పని సాగదు నానా. సగం ఆలస్యం" అన్నాడు మేనల్లుడు.

అబ్బాజాన్ వాదించలేదు. స్టూలు తెప్పించుకుని మిషను ముందు కూర్చున్నారు. కుడిచేతిని అందరికీ కనబడేలా మోకాలి మీద పెట్టుకుని, ముగ్గురు కుర్రవాళ్లనూ దగ్గరికి పిలిచి, టేకు బద్దలోని ముడి గురించి మొదటి నుంచి చెప్పారు. అది చెప్పటం పూర్తయ్యేసరికి వాళ్లలో చిన్నవాడు లేచి గార్డును గోడ మీది నుంచి దించాడు. మేనల్లుడే మరలు బిగించాడు.

ఇప్పుడు అబ్బాజాన్ ప్రతి శుక్రవారం జుమా తరువాత ఆ కార్ఖానా మీదుగా ఇంటికి వస్తారు. గార్డు మిషను మీదే ఉందో లేదో చూసి, ఒక గ్లాసు టీ తాగి లేస్తారు. టీ గ్లాసును కుడిచేత్తోనే పట్టుకుంటున్నారని మేనల్లుడు ఫోనులో చెప్పాడు.