జీలుగు చెట్టు కింద మార్గరీటా

ప్రబంధానికి చెప్పిన పద్దెనిమిది వర్ణనలలో మధుపానం ఒకటి. ఇరవై ఏండ్లుగా దాన్ని తరగతిలో చెబుతున్నాను గాని, నిరుడు మార్గశిరం దాకా ఆ మధువు చుక్కయినా నా నాలుకకు తగిలి ఎరగదు. అందుకు కారణం లేకపోలేదు. మా తాతగారు రెండెకరాల మాగాణి కల్లుపాకకు సమర్పించారు. ఆ తరువాత మా నాన్నగారు, ఎవరైనా కల్లు మాట ఎత్తితే చాలు, విస్తరి ముందునుంచి లేచిపోయేవారు.

ఆ వ్రతానికి అరకులో గండం వచ్చింది. డల్లాసులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు సెలవులకు వచ్చి, నన్నూ మా ఆవిడనూ అరకు తీసుకువెళ్ళాడు. విశాఖపట్నంలో రైలెక్కి, సొరంగాలు లెక్కపెడుతూ, ముప్ఫై దాటాక లెక్క తప్పి, మధ్యాహ్నానికి లోయలో దిగాము. సాయంత్రం చలి మొదలుకాగానే మావాడు పెట్టెలోంచి ఒక సీసా తీశాడు. టెకీలా అట.

"మామయ్యా, మార్గరీటా చేస్తాను. మీరు తాగకండి, చూడండి" అన్నాడు.

చూడడానికి దోషమేముంది? టెకీలాకు పుట్టిల్లు మెక్సికో. మన చేలగట్ల మీద ముళ్ళతో నిలబడే కిత్తనారకు దగ్గర చుట్టమైన మొక్క దుంపను కాల్చి, రసం పిండి, పులియబెట్టి, బట్టీ పెడతారు. దానికి నారింజ మద్యం, నిమ్మరసం కలిపి, గ్లాసు అంచుకు ఉప్పు అద్దితే మార్గరీటా. నారింజ మద్యం అరకులో ఎక్కడ దొరుకుతుంది! మావాడు నారింజ తొక్కలు పంచదారలో ఉడికించి పాకం తీశాడు. మొదటి గ్లాసుకు మన నిమ్మకాయ పులుపు తెలియక వాడి ముఖమే వంకర పోయింది. రెండోది పానకమయింది. అప్పుడు మా ఆవిడ దగ్గుమందు సీసా మీది కొలత మూత కడిగి ఇచ్చింది. ఆ మూతతో అయిదు కొలతల టెకీలా, రెండు పాకం, ఒకటిన్నర నిమ్మరసం, మంచుగడ్డలు స్టీలు డబ్బాలో పోసి, డబ్బా పైన చెమట పట్టేదాకా ఊపాడు. ఉప్పు మాత్రం సగం అంచుకే.

"ఇప్పుడు కుదిరింది" అని కళ్ళు మూసుకున్నాడు.

డల్లాసులో 1971లోనే మరియానో మార్టినెజ్ అనే హోటలు యజమాని ఐస్క్రీము యంత్రాన్ని మార్చి మార్గరీటా యంత్రం తయారుచేశాడట. ఎన్ని గ్లాసులు పట్టినా రుచి ఒక్కలాగే ఉండాలని ఆయన పట్టుదల. ఆ యంత్రం ఇప్పుడు వాషింగ్టను మ్యూజియంలో ఉంది. ఇదంతా వింటున్న బస కాపలాదారు నవ్వి, "మా తాత చెట్టు కాడికి రేపు రండి బాబూ. పూటకో రుచి" అన్నాడు.

తెల్లవారి మంచులో నడిచి వెళ్ళాము. ఊరి చివర జీలుగు చెట్టు. చేప తోకల్లాంటి ఆకులు, జడల్లాగా వేలాడే పూగెలలు. కణుపులు మెట్లుగా వదిలిన ఒంటి వెదురు ఆనించి ఉంది. అరవై దాటిన తాత దాని మీద నడక నడిచినంత తేలికగా ఎక్కిపోయాడు. గెల కొసను ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పలచగా చెక్కాలి. మందంగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది. చెక్కకపోతే కోత ఎండి ధార ఆగుతుంది.

అసలు కిటుకు కుండలో ఉంది. కుండను వేడినీళ్ళతో కడిగి కడితే తెల్లవారేసరికి తియ్యని రసం దిగుతుంది. అడుగున నిన్నటి మడ్డి కొంచెం ఉంచితే అందులోని పులుపు సూక్ష్మజీవులు రాత్రికి రాత్రే తీపిని మత్తుగా మారుస్తాయి. సాయంత్రం దాకా ఉంచితే అదే కల్లు పులుపెక్కుతుంది. మావాడు మూడు వస్తువులు కొలిచి కలిపినది ఇక్కడ ఒక్క కుండలో పొద్దును బట్టి నడుస్తోంది. ఎంత మడ్డి ఉంచాలన్నది తాత వేళ్ళకే తెలుసు.

అడ్డాకు దొన్నెలో పోసి ఇచ్చాడు. నేను నాన్నగారిని తలుచుకుని నిలబడ్డాను. ఈలోగా మా ఆవిడ తన దొన్నె ఖాళీ చేసి, "లేత కొబ్బరినీళ్ళలో బెల్లం వేసినట్టుందండీ" అన్నది. నేనూ తాగాను. తీపి, వెనకాల సన్నని చురుకు. తాతగారి రెండెకరాలు ఒక్క క్షణం కళ్ళముందు కదిలాయి. రెండో దొన్నె వద్దన్నాను.

ఇవే కొండల దక్షిణపు కొసన, రంప సీమలో, 1879లో పితూరీ లేచింది. ఇంటి వాడకానికి సైతం కల్లు గీయరాదని మద్రాసు ప్రభుత్వం శాసించి, ఆ హక్కును గుత్తదారులకు అప్పగించడం దానికి ఒక ముఖ్య కారణం. అక్కడి జనం నోట అది చిగురు పన్ను. ఈ సంగతి చెబితే తాత కత్తి ఒరలో పెడుతూ, "చెట్టు మాది, గీత మాది, పన్నెవులికి బాబూ?" అన్నాడు.

ఉన్నట్టుండి మావాడు పైకి చూసి, "గెల ఇంత కిందనుంచి వచ్చిందేం?" అని అడిగాడు. జీలుగు తలలో మొదటి గెల వేసి, ఏటేటా కిందికి దిగుతూ పూస్తుంది. అడుగు గెల పూయడంతో దాని ఆయువు తీరిపోతుంది. టెకీలా మొక్కదీ ఇదే జాతకమట. ఒక్కసారి పూసి చచ్చిపోతుంది. అందుకే పూతకు రాకముందే దుంపను తవ్వేస్తారు.

"ఇదే ఆఖరు గెల. తరవాత మాను కొట్టి లోపలి బెండు పిండి చేసుకుంటాం, అంబలికి" అన్నాడు తాత. పెరట్లో మోకాలెత్తు మొక్కలు రెండు చూపించాడు. అవి గీతకు రావడానికి పదేండ్ల పైమాటే. ఎవరు గీస్తారని నేను అడగలేదు. మనవడు బసలో కాపలా ఉంటున్నాడాయె.

వచ్చేటప్పుడు ఒక చెంబుడు కల్లు బలవంతాన ఇచ్చాడు. కారులో అనంతగిరి మలుపులు దిగుతూండగా నురుగు మూత నెట్టుకుని మా ఆవిడ ఒడిలో పడింది. ఇల్లు చేరేసరికి మిగిలింది బాగా పులిసిపోయింది. పారబోయబోతే ఆవిడ నా చేతిలోంచి లాక్కుని దోసెల పిండిలో కలిపింది.

మర్నాడు మా అమ్మ, దోసెలింత మెత్తగా ఎన్నడూ రాలేదని రెండు ఎక్కువ తిన్నది. పిండిలో ఏం వేశావని కోడలిని అడిగింది. ఆవిడ నా వంక చూసింది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.