శబ్దం ఆపి చూడండి

1988 ఆగస్టు 15న దూరదర్శన్ ‘మిలే సుర్ మేరా తుమ్హారా’ను తొలిసారి ప్రసారం చేసిన నాటికి నాకు పదేళ్లు. పక్కింటి టీవీ ముందు నేల మీద కూర్చుని, అందులో మన తెలుగు ఎప్పుడు వినిపిస్తుందా అని ఎదురుచూసేవాళ్లం. భీమ్‌సేన్ జోషి గళంతో మొదలయ్యే ఆ గీతానికి సాహిత్యం నిజానికి స్వల్పం. నీ స్వరం, నా స్వరం కలిసి మన స్వరం కావాలన్న ఒక్క భావమే భాషలు మార్చుకుంటూ మళ్లీ మళ్లీ వస్తుంది. దానికి దేహాన్నిచ్చింది దృశ్యం. బెంగాలీ వినిపించినప్పుడు కలకత్తా మెట్రో దిగే జనం, మలయాళం వినిపించినప్పుడు ఏనుగు మీద మావటి కనిపించారు. మాట ఇచ్చిన హామీని బొమ్మ నిలబెట్టింది.

అయితే దేశభక్తి గీతానికి స్థిరపడిన దృశ్య సంప్రదాయం ఒకటుంది: జలపాతాలు, కొండలు, త్రివర్ణాలు, నవ్వే పిల్లలు. అది దేన్ని చూపుతుందన్నది ఎంత ముఖ్యమో, దేన్ని దాటవేస్తుందన్నదీ అంతే ముఖ్యం. అదే ఏడాది మే నెలలో అమృత్‌సర్ స్వర్ణదేవాలయంలో ఆపరేషన్ బ్లాక్ థండర్ జరిగింది. ఆ గాయపు జాడ పాటలో లేదు. స్వరాలు కలవాలని కోరుకోవలసిన అవసరం ఎందుకొచ్చిందో చెప్పే చోటు ఆ ప్రక్రియలోనే లేదు.

2010 గణతంత్ర దినాన వచ్చిన కొత్త రూపంలో పల్లవి మారలేదు. తెరను మాత్రం చాలావరకు సినీతారలు ఆక్రమించారు, మామూలు జనం వెనక్కి జరిగారు. పదాలు అవే అయినా ‘మనం’ అన్న మాటకు అర్థం కుంచించుకుపోయింది.

ఈ సంగతి తెలిసీ నేనొకసారి పొరబడ్డాను. కొన్నేళ్ల క్రితం ఎన్నికల పర్యటనలో, కారులో విన్న ఒక ప్రచార గీతాన్ని మెచ్చుకుంటూ రాశాను. రైతు చెమటను గురించి నిజంగానే మంచి సాహిత్యం అది. రెండు రోజుల తర్వాత ఒక ఊరి రచ్చబండ దగ్గర ఒక పెద్దాయన తన ఫోన్‌లో ఆ వీడియో చూపించి, “ఇందులో రైతు ఏడీ, బాబూ?” అన్నాడు. నేను మళ్లీ చూశాను. రైతులున్నారు, వరుసగా, చేతులు జోడించి. కెమెరా నాయకుణ్ణి కింది నుంచి, వాళ్లను పై నుంచి చూస్తోంది. పాట రైతుది, బొమ్మ నాయకుడిది. నేను సగమే విని, మొత్తానికి తీర్పు రాశాను.

అప్పటి నుంచి ఏ ప్రచార గీతాన్నైనా ఒకసారి కళ్లు మూసుకుని వింటాను, మరోసారి శబ్దం ఆపి చూస్తాను. వచ్చే ఎన్నికల్లో మీరూ అలా చేసి చూడండి. వాళ్లు మనకు ఏం చెప్పదలచుకున్నారో మొదటిసారి తెలుస్తుంది. మనల్ని ఎక్కడ నిలబెట్టదలచుకున్నారో రెండోసారి తెలుస్తుంది.