చలికి ముందు ఆగేది ఇంజను కాదు, డీజిలు

ఉద్యోగం మీద ఎడ్మంటన్, కాల్గరీ, విన్నిపెగ్, మినియాపోలిస్ లాంటి ఊళ్ళకి వచ్చిన మనవాళ్ళకి రెండో ఏడు ఒక మోజు పుడుతుంది: డీజిల్ పికప్ ట్రక్కు. మా కోనసీమ వాళ్ళకైతే మోజుతో పాటు ధీమా కూడా. పొలంలో ట్రాక్టరు, చేలోకి నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను, ముక్తేశ్వరం రేవు నుంచి కోటిపల్లికి గోదారి దాటించే పంటు, అన్నీ డీజిలే కదా. పుట్టి బుద్ధెరిగాక చూసిన ఇంజన్లకి ఇక్కడ కొత్తగా నేర్చుకునేదేముంది అనుకుంటారు.

ఉంది. ఎడ్మంటన్ శివార్లలో ట్రైలరు లాగడానికి ఆరు చలికాలాలుగా డీజిల్ పికప్ నడుపుతున్నాను కాబట్టి నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. మైనస్ 35లో డీజిల్ బండి పొద్దున్న స్టార్టవుతుందా లేదా అన్నది ముందురోజు రాత్రే తేలిపోతుంది. పొద్దున్న మనం చేయగలిగేది చాలా తక్కువ.

ఎందుకో తెలియాలంటే కొబ్బరినూనె సీసాని గుర్తుతెచ్చుకోండి. ధనుర్మాసంలో పొద్దున్నే తలకి రాసుకుందామంటే సీసా తలకిందులు చేసినా చుక్క పడదు. 24 డిగ్రీల దగ్గరే అది పేరుకుంటుంది మరి. ఐనవిల్లిలో అయితే సీసా కాసేపు ఎండలో పెడితే సరిపోయేది. డీజిల్లో కూడా ఇలాగే పేరుకునే మైనం ఉంటుంది. మామూలు డీజిలు సున్నాకి పది, పన్నెండు డిగ్రీలు కిందకి వెళ్ళేలోపే మబ్బుపట్టినట్టు అవుతుంది. ఇంకా చల్లబడితే ఆ మైనం పోయి ఫిల్టరుకి అడ్డుపడుతుంది. ట్యాంకు నిండా డీజిలున్నా ఇంజనుకి చుక్క అందదు. ఇక్కడ మీ సీసా వంద లీటర్ల ట్యాంకు, పైగా ఎండ ఉన్నా వేడి ఉండదు!

అందుకే చలిదేశాల బంకుల్లో కాలాన్ని బట్టి డీజిలు మారుస్తారు. చలికాలపు డీజిల్లో మైనం తక్కువ. నంబర్ వన్ అనే రకం ఇంచుమించు కిరసనాయిల్లా ఉంటుంది. చిక్కెక్కడంటే, అక్టోబరులో నింపిన ట్యాంకు డిసెంబరు దాకా అలాగే ఉంచేసినా, వాంకూవర్ లాంటి వెచ్చటి తీరంలో ఫుల్ ట్యాంకు కొట్టించి కొండలు దాటి ఇటొచ్చినా, మీ దగ్గరున్నది వేరే వాతావరణానికి తయారైన డీజిలు. పేరుకోకుండా కలిపే మందులు దొరుకుతాయి కానీ అవి పేరుకోకముందు కలపాల్సినవి. అంటే మళ్ళీ ముందురోజు పనే.

ఇది కెనడా గొడవే అనుకోకండి. లడఖ్, లాహౌల్ వైపు లారీ డ్రైవర్లు ట్యాంకు కింద మంట పెట్టి, డీజిల్లో కిరసనాయిలు కలిపి ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చారు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ వాళ్ళు పానిపట్ రిఫైనరీలో తయారైన చలికాలపు డీజిలుని లడఖ్‌కి ఇవ్వడం మొదలుపెట్టారు. అది మైనస్ 33 దాకా గడ్డకట్టదు. పాత లారీల చిట్కాలు మాత్రం కొత్త పికప్ మీద ప్రయోగించకండి. వీటి ఇంజక్టర్లు చాలా సున్నితం, వాటి రిపేరు ఖర్చు వింటే చలి మర్చిపోతారు.

ఇక ఇంజను సంగతి. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఉంటుంది, డీజిల్లో ఉండదు. గాలిని పదహారో వంతుకి నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకోవాలి. ఇంజను ఇనుమంతా మైనస్ 35లో ఉంటే ఆ వేడిని అదే మింగేస్తుంది. ఇటు మైనస్ 18 దగ్గరే బ్యాటరీ బలం సగానికి పైగా పోతుంది. డీజిల్ పికప్పులకి రెండేసి బ్యాటరీలుండేది ఊరికే కాదు. అటు మనం అలవాటుగా పోయించే 15డబ్ల్యూ-40 ఆయిలు బెల్లం పాకంలా చిక్కబడుతుంది. నీరసించిన బ్యాటరీ, కదలని ఆయిలు, అంటుకోని డీజిలు, మూడూ ఒకే పొద్దున్న కలిసొస్తాయి. 0డబ్ల్యూ-40 లేదా 5డబ్ల్యూ-40 సింథటిక్ ఆయిలు, మీ కంపెనీ పుస్తకం ఒప్పుకున్నది, చలికి ముందే మార్పించుకోవాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది బ్లాక్ హీటర్. రాత్రి బండిని ఇంటి ప్లగ్గుకి తగిలిస్తే అది ఇంజనుని గోరువెచ్చగా ఉంచుతుంది. నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో ఉండే ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన ఇలాంటి హీటరుకి 1949లో పేటెంటు తీసుకున్నాడు. ఇక్కడి పార్కింగు స్థలాల్లో స్తంభానికో ప్లగ్గు ఎందుకుంటుందా అని కొత్తగా వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోతారు, అందుకే. రాత్రంతా వేయక్కర్లేదు, టైమరు పెట్టి బయల్దేరే ముందు మూడు, నాలుగు గంటలు చాలు. ఇది కరెంటు బిల్లు కోసమే కాదు. 2024 జనవరి 13 సాయంత్రం ఆల్బర్టాలో అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. చలికి కరెంటు వాడకం పెరిగిపోయింది, కోతలు రావచ్చు, ఎలక్ట్రిక్ కార్ల చార్జింగూ బ్లాక్ హీటర్లూ కాసేపు ఆపండి అని. జనం మాట విన్నారు, కొద్దిసేపట్లోనే 200 మెగావాట్ల వాడకం తగ్గింది. మన దగ్గర దాళ్వాకి మోటార్లు ఎంతో, ఇక్కడ చలికాలానికి బ్లాక్ హీటర్లు అంత!

యూరియా సంగతి కూడా చెప్పాలి. వరికి వేసే యూరియానే నీళ్ళలో కలిపి పొగ శుభ్రం చేయడానికి ఈ బండ్లలో పోస్తారు, డీఈఎఫ్ అంటారు. అది మైనస్ 11కే గడ్డకడుతుంది. కంగారు పడకండి, దాని ట్యాంకులో హీటరుంటుంది, ఈలోగా బండి నడుస్తుంది. చలేస్తోందని గంటలకొద్దీ ఇంజను ఊరికే ఆన్‌లో ఉంచడమే అసలు తప్పు. డీజిలు ఖాళీగా తిరిగితే సరిగా వేడెక్కదు, మసి వెళ్ళి ఫిల్టరు పూడుకుపోతుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా బాబాయి కొడుక్కి ఫోర్ట్ మెక్‌ముర్రేలో పని, సంసారం ఎడ్మంటన్లో. మధ్యలో 63వ నంబరు హైవే, మొత్తం 430 కిలోమీటర్లు, చాలా దూరం అడవి తప్ప బంకు కూడా ఉండదు. డీజిల్ ట్రక్కు కొంటానన్నాడు. "అదేటన్నయ్యా, వరదకి ఆగని ఇంజను చలికాగుద్దా?" అన్నాడు. దారిలో ఫిల్టరు మూసుకుపోతే ఇంజనుతో పాటు లోపలి హీటరూ ఆగిపోతుందిరా అన్నాను. గాలితో కలిసి చలి మైనస్ 40 దాటితే కప్పుకోని చర్మం ఐదు, పది నిమిషాల్లో గడ్డకడుతుంది. వెనక సీట్లో ఏడాది పిల్లాడుంటాడు. వాడప్పుడింక మాట్లాడలేదు.

నా అభిప్రాయం అడిగితే, లాగడానికి ట్రైలరు, మోయడానికి బరువు ఉంటేనే డీజిలు కొనండి. ఆ పనికి దాన్ని మించింది లేదు. ఆఫీసుకీ కాస్ట్‌కోకీ అయితే బ్లాక్ హీటరున్న పెట్రోలు బండి చాలు, పెట్రోలు ఇలా పేరుకోదు. డీజిలే కావాలంటే బండి ధర అడగడానికి ముందు మీ ఇంటి బయట ప్లగ్గు ఉందో లేదో చూసుకోండి. ఆరో అంతస్తు అపార్టుమెంటులో ఉంటూ వీధిలో బండి పెట్టుకునేవాళ్ళకి ఇది పనికిరాదు. బండిలో ఎప్పుడూ ఒక ఫిల్టరు, రెండు దుప్పట్లు, ఒక పార ఉంచుకోండి. ట్యాంకు సగం కంటే తగ్గనివ్వకండి. మన సర్వర్లకి బ్యాకప్ రాత్రి తీస్తాం కదా, పొద్దున్న డిస్కు పోయాక కాదు. ఇదీ అంతే.