ఇవాతా గారి కబుర్లు

మారియో పేరు వినని పిల్లలు మన ఊళ్లలోనూ తక్కువే. ఆ మారియో పుట్టిన నింటెండో అనే వీడియోగేమ్ కంపెనీకి పదమూడేళ్లు ప్రెసిడెంటుగా చేసిన సతోరు ఇవాతా గురించి మీతో మాట్లాడాలని ఎప్పట్నుంచో ఉంది.

1959లో జపాన్‌లోని సప్పోరోలో పుట్టారు. హైస్కూల్లో ఉండగానే ప్రోగ్రాం రాసుకునే కాలిక్యులేటర్ సంపాదించి, దాని మీద వట్టి అంకెలతో బేస్‌బాల్ ఆట తయారుచేశారు. క్లాసులో పక్కన కూర్చునే స్నేహితుడు అది ఆడి తెగ సంబరపడేవాడట. తర్వాత హాల్ ల్యాబరేటరీ అనే చిన్న కంపెనీలో ప్రోగ్రామర్‌గా చేరారు. 1993లో అది అప్పుల్లో పీకలదాకా మునిగి, కుర్చీ ఎవరూ కోరుకోని రోజున ప్రెసిడెంటు అయ్యారు. అప్పటికి ఆయనకి ముప్పై మూడేళ్లు! వస్తూనే ఏం చేశారనుకున్నారు? ఉద్యోగుల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని వాళ్ల మాట విన్నారు. ఆ అలవాటు మరి మానలేదు.

'మదర్ 2' సంగతి వినండి. ఏళ్ల తరబడి సాగి సాగి చిక్కుబడిపోయిన గేమ్ అది. ఇవాతా చూసి, ఉన్నదాన్నే బాగుచేయమంటే రెండేళ్లు, మొదట్నుంచీ రాయనిస్తే ఆరు నెలలు పడుతుందన్నారు. ఏది కావాలో ఎంచుకోమని రచయిత ఇతోయ్‌కే వదిలేశారు. మళ్లీ రాశారు, 1994లో గేమ్ బయటికొచ్చింది. వేరేవాళ్లు చేసిన పనిని చిన్నబుచ్చకుండా అంత నిక్కచ్చిగా మాట్లాడటం నాకెంతో నచ్చుతుంది.

2002లో నింటెండో పగ్గాలు అందుకున్నారు. అంతవరకూ ఆ కుర్చీ యమౌచి కుటుంబం దాటలేదు. డీఎస్, వీ అనే గేమ్ మెషీన్లు రెండూ ఆయన హయాంలోవే. గేమ్ జోలికి ఎన్నడూ పోని పెద్దవాళ్లు కూడా వీ రిమోట్ పట్టుకుని హాల్లో టెన్నిస్ ఆడారు. వీ పది కోట్లు దాటి అమ్ముడైంది.

2011 నుంచి నింటెండో డైరెక్ట్ వీడియోల్లో తానే కనిపించి కొత్త గేముల కబుర్లు చెప్పేవారు. ఒకసారి అరటిపళ్ల హస్తం పట్టుకుని, ఉలుకూ పలుకూ లేకుండా దాన్నే చూస్తూ నిలబడ్డారు. ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. అంత పెద్ద కంపెనీ అధిపతిని జనం ఇంట్లో మనిషిలా చూసుకున్నారంటే, ఆయన తమలాగే ఆటంటే పడిచచ్చే మనిషని తెలిసే.

2011లో 3డీఎస్ అనే మెషీన్ ధర తగ్గించాల్సొచ్చినప్పుడు తన జీతం సగానికి కోసుకున్నారు. వీ యూ అనే మెషీన్ దెబ్బతిన్నాక 2014లో మళ్లీ అదే పని. ఉద్యోగుల్ని తగ్గించరేమని వాటాదారులు అడిగితే, రేపు ఉద్యోగం ఉంటుందో లేదో అని బెంగపడేవాళ్లు జనం మనసు దోచే ఆటలు తయారుచేయలేరని జవాబిచ్చారు.

2015 జూలై 11న, 55 ఏళ్లకే క్యాన్సర్ ఆయన్ని తీసుకుపోయింది. స్విచ్ అనే కొత్త మెషీన్ పని అప్పటికే నడుస్తోంది. 2017లో వచ్చి, 14 కోట్లు దాటి అమ్ముడైన ఆ మెషీన్ వెనక, నష్టాల రోజుల్లో ఆయన వదులుకోని ఉద్యోగులే ఉన్నారు.