అమ్మ చంకలో బిళ్ళ

మొన్న సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పుడు అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకొని మెల్లగా అన్నది: “బిడ్డా, సంకల బిళ్ళ కట్టింది. మీ బాపుకు చెప్పకు.”

నా గుండె జల్లుమంది. కారణముంది. మూడేళ్ల కిందట మా పెద్దమ్మ ఇట్లాగే రొమ్ములో గడ్డను దాచుకున్నది. నొప్పి లేదు కదా అని ఒకటి, మగ డాక్టరుకు ఎట్లా చూపించేదని ఒకటి. చెప్పేనాటికి చంకలో కూడా గట్టి బిళ్ళలు తేలాయి. ఆపరేషను చేసి రొమ్మునూ, ఆ బిళ్ళలనూ తీసేశారు. తరువాత ఆ చేయి వాచి, గాజులు కూడా పట్టలేదు. మరుసటేడు పెద్దమ్మ పోయింది.

మనం బిళ్ళలనే వాటినే మా జంతుశాస్త్రం పుస్తకం శోషరస గ్రంథులంటుంది. మార్కుల కోసం నేనూ బట్టీ పట్టాను. పెద్దమ్మ చేయి ఎందుకు వాచిందో మాత్రం చాలాకాలం తోచలేదు.

రక్తనాళాల నుంచి ఊరి బయటికొచ్చిన ద్రవమంతా తిరిగి వాటిలోకి పోదు. మిగిలినదాన్ని సన్నని నాళాలు పోగుచేసి, గుండెకు దగ్గరగా ఉన్న సిరల్లో కలుపుతాయి. అదే శోషరసం, రోజుకు సుమారు 3 లీటర్లు. దారి పొడుగునా చిక్కుడు గింజల్లాంటి గ్రంథులుంటాయి. ఒక్కో చంకలో 20 నుంచి 30 దాకా ఉంటాయి. చేతి నుంచి వచ్చే రసం వాటిలోకే చేరుతుంది. రొమ్ము నుంచి వచ్చేదానిలో కూడా ముప్పాతిక భాగం చంకకే పోతుంది. మిగతాది ఎక్కువగా ఛాతీ నడిమి ఎముక పక్కనున్న గ్రంథులకు పోతుంది.

వరంగల్లు వాళ్లకు ఇది తెలియని సంగతి కాదు. కాకతీయుల కాలం నుంచి మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు పారితే కిందిచెరువు నిండుతుంది. పూడిక ముందు పడేది మాత్రం పైచెరువులోనే. రొమ్ములో క్యాన్సరు పుడితే అది మొదట చేరేది కూడా చాలాసార్లు చంకలోని గ్రంథికే. అందుకే ఈనాడు సర్జన్లు రొమ్ములోకి రంగు ఎక్కించి, అది ముందుగా చేరిన గ్రంథిని తీసి పరీక్షిస్తారు. అది శుభ్రంగా ఉంటే చాలామందికి మిగతావి తీయనక్కర లేదు. అన్నీ తీసేస్తే కాలువ తెగినట్లే. నీరు చేతిలో నిలిచిపోవచ్చు. పెద్దమ్మకు జరిగింది అదే. బోదకాలులోనూ పాడయ్యేవి ఈ నాళాలే, అక్కడ ఫైలేరియా పురుగుల వల్ల. ఆ పురుగులకు వాడే హెట్రజాన్ మందు 1940లలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో వచ్చినదే.

అయితే బిళ్ళ కట్టిన ప్రతిసారీ క్యాన్సరేనా? కాదు. గ్రంథిలో తెల్లకణాలుంటాయి. క్రిములు చొరబడితే అవి వృద్ధిచెంది పోరాడతాయి. అప్పుడు గ్రంథి ఉబ్బుతుంది.

అమ్మ చేయి పట్టి చూశాను. ఆ వైపు బొటనవేలు గోరు పక్కన చీము పట్టింది. పత్తి ఏరంగ కాయ మొన గుచ్చుకున్నదట. బిళ్ళ మెత్తగా ఉంది, ముట్టుకుంటే నొప్పి. ధైర్యం వచ్చింది గాని, నేను డాక్టరును కాను కదా! ఆ రాత్రే బాపుకు చెప్పేశాను. బాపు కాసేపు మాట్లాడలేదు. పత్తి అమ్మిన పైకంలోంచి కొన్ని నోట్లు తీసి నా చేతిలో పెట్టి, “మీ పెద్దమ్మ గూడ ఇట్ల చెప్పి ఉంటే” అన్నాడు.

మరునాడు అమ్మను హనుమకొండ తీసుకొచ్చి లేడీ డాక్టరుకు చూపించాను. ఆమె వేలు చూసింది, రొమ్ములు కూడా పరీక్షించింది, మందులు రాసి రెండు వారాలకు రమ్మన్నది. అప్పటికి బిళ్ళ కరిగిపోయింది.

మిత్రులారా! నొప్పి లేని బిళ్ళ మంచిదనుకోవద్దు. గట్టిగా ఉండి, పెరుగుతూ, రెండు మూడు వారాలకు కూడా తగ్గకపోతే తప్పక చూపించాలి. రొమ్ములో గడ్డ తగిలితే అన్ని రోజులు కూడా ఆగొద్దు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మను ఒక్కమాట అడగండి. మా అమ్మలు తమంతట తాము చెప్పరు.