బరువు మోసినోడి బొమ్మ

నాలుగు రోజులుగా ముసురు. మిరప చేలో కాలు పెట్టేట్టు లేదు. ఇంట్లో కూర్చొని ఫోన్‌లో పాత చందమామలు చూస్తున్నా. అందుకని ఈసారి మందులు, ధరల సంగతి పక్కన పెట్టి ఒక బొమ్మలాయన గురించి రాస్తున్నా. కొంచెం ఓపిగ్గా చదవండి.

మా వయసువాళ్లకు చెప్పక్కర్లేదు. భుజం మీద శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం, నడిచిపోతున్న రాజు. ఆ బేతాళ కథల బొమ్మ వేసింది శంకర్ గారు. పూర్తి పేరు కె.సి. శివశంకరన్. 1924లో తమిళనాడులో ఈరోడ్ వైపు ఒక పల్లెలో పుట్టారు. మద్రాసు ఆర్ట్స్ కాలేజీలో చదివారు. 1952లో చందమామలో చేరి, ఆ పత్రిక ఆగిపోయేదాకా దాదాపు అరవై ఏళ్లు బొమ్మలు వేశారు. ఒకే చేను అరవై ఏళ్లు సాగు చేసినట్టు అనుకోండి.

మా ఊళ్లో చందమామ తెప్పించేది ఒక్క మేష్టారే. వాళ్లింట్లో అందరూ చదివేశాక పాతవి నాకిచ్చేవారు. అయిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పోగేస్తే ట్రంకుపెట్టె నిండింది. మా పిల్లలకు ఒక ఆట ఉండేది. సంతకం మీద వేలు పెట్టి మూసి, బొమ్మ ఎవరిదో చెప్పాలి. అట్ట మీద వపా గారి రంగులైతే అందరూ చెప్పేవాళ్లు. లోపలిది చిత్రా గారిదా, శంకర్ గారిదా అన్న దగ్గరే పందెం. నేను పెట్టుకున్న గుర్తు ఏమిటంటే, శంకర్ గారు వెనకభాగం ఊరికే వదిలేవారు కాదు. ముందు ఇద్దరు మాట్లాడుకుంటుంటే వెనకాల ఇంటి చూరు, చెట్టు ఆకులు, గుడి స్తంభం మీద చెక్కడం, అన్నీ సన్న గీతలతో కనపడేవి.

ఇంకో సంగతి చూడండి. కథ మొదట్లో రాజు బొమ్మ ప్రతినెలా అదే. లోపలివి మాత్రం ప్రతిసారీ కొత్తవి. అసలు పాత బేతాళ కథలు 25 మాత్రమే. అవి అయిపోయాక చందమామవాళ్లు వేరే కథలను బేతాళుడి నోట చెప్పించారు. అంటే ఆయనకు నెలకో కొత్త ఊరు, కొత్త మనుషులు, కొత్త ముఖాలు. నెల తిరిగేసరికి పేజీ నిండాల్సిందే. ఆ బొమ్మలే అన్ని భాషల చందమామల్లోనూ వచ్చేవి.

మా నాయనకు అక్షరం రాదు. వేలిముద్రే. రాత్రిళ్లు నేను బుడ్డి దీపం దగ్గర చదువుతుంటే పక్కన తాడు పేనుకుంటూ బొమ్మల్లోకి తొంగి చూసేవాడు. ఒకరోజు ఆ రాజు బొమ్మను తనవైపు తిప్పుకొని చాలాసేపు చూశాడు.

"ఈ బొమ్మేసినాయన బరువు మోసినోడురా" అన్నాడు.

"అది రాజు నాయనా. రాజులెందుకు మోస్తారు?"

"రాజు సంగతి కాదురా. ఆ నడక చూడు. భుజాన బరువున్నప్పుడు ఆగకూడదు, ఆగితే అది ఇంకా బరువైద్ది. ఊపులోనే పోవాల. ఆ ఊపు పట్టాడు ఈయన."

75 కిలోల వడ్ల బస్తా కళ్లం నుంచి బండికి మోసే మనిషి ఆయన. అప్పుడు నాకు నవ్వొచ్చింది. చదువు ఆపేసి నేనూ బస్తా ఎత్తిన ఏడాది ఆ మాట అర్థమైంది.

తరవాత ఒక ఏడాది పత్తి మొత్తం పోయింది. ఇంట్లో సరుకులకు కూడా లేని రోజులు. పెట్టెలో ఉన్న చందమామలన్నీ పాత పేపర్లాయనకు కిలోల లెక్కన వేశా. నాయనను అడగలేదు. చదువు రాని మనిషికి పుస్తకాలతో ఏం పనిలే అనుకున్నా. రెండు రోజులకు ఆయనే పెట్టె తెరిచి, "ఆ రాజు పుస్తకాలు ఏవిరా?" అన్నాడు. చెప్పా. ఒక్క మాట అనలేదు. పెట్టె మూసి చేలోకి పోయాడు. నేను కాలేజీకి పోయిన రోజుల్లో మధ్యాహ్నం పూట ఆ పెట్టె ముందు కూర్చొని ఒక్కో బొమ్మా తిప్పుకునేవాడని అమ్మ చెప్పింది. తిట్టినా బాగుండేది.

శంకర్ గారు 2020 సెప్టెంబరులో పోయారు, 96 ఏళ్లకు. చిన్నప్పటి నుంచి ఆయన బొమ్మలు చూశా గానీ ఆయన ముఖం చూసింది ఆ రోజే, ఫోన్‌లో. తరవాతి జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. అందుకోడానికి మనిషి లేడు. మా నాయన అంతకుముందే పోయాడు, లేకపోతే ఆ ముఖం చూపించేవాణ్ణి.

శంకర్ గారు బస్తాలు మోశారని నేననను. నెలనెలా గడువు తప్పకుండా, మూలనున్న ఒక ఆకు కూడా ఎగ్గొట్టకుండా అరవై ఏళ్లు దించకుండా నడవడం కూడా మోతే. నాయన కనిపెట్టింది అదేనేమో అనిపిస్తుంది.

ఇప్పుడు మా మనవరాలు ఫోన్‌లో ఆ బొమ్మను రెండు వేళ్లతో పెద్దది చేసి గీతలు చూస్తోంది. దానికింకా చదవడం రాదు.

మీ అటకల మీద పాత చందమామలుంటే తూకానికి వేయకండి. వేయక తప్పని పరిస్థితే వస్తే, ముందు ఇంట్లో పెద్దవాళ్లను ఒక్క మాట అడగండి. చదువు రానివాళ్లను కూడా అడగండి.

ముసురు తగ్గితే మిరపలో నిలిచిన నీళ్లు తీయాలి. ఆ సంగతి మళ్లీ రాస్తా.