ఇండియాకు ఆడలేదు, ఇండియాను ఆడించారు

పోస్ట్ కొంచెం పెద్దదే, తీరిక చూసుకుని చదవండి. ఆటలు ఆడే మన పిల్లల గురించి, ఆట ఆగిపోయాక ఏం చెయ్యాలో తెలీక తిరిగే మన అన్నల గురించి రాస్తున్నా.

ముందు నా గురించి రెండు ముక్కలు. మాది పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలంలో ఒక సుగాలి తండా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినోణ్ణి నేనే మొదలు. యాడీ, బా ఇద్దరూ మిరపకాయ కోతలకి పోయి నన్ను చదివిస్తున్నారు. ఇప్పుడు నరసరావుపేటలో హాస్టల్లో ఉండి బీఏ ఆఖరి సంవత్సరం చదువుతున్నా. ఎనిమిదో తరగతి నుంచి ఫుట్‌బాల్ ఆడుతున్నా, లెఫ్ట్ బ్యాక్. జిల్లా జట్టుకి ఆడా. యూనివర్సిటీ సెలక్షన్స్‌కి రెండేళ్లు పోయా. రెండుసార్లూ ఆఖరి లిస్టులో పేరు రాలేదు. నాకు కోపం లేదు, నాకంటే బాగా ఆడినోళ్లే వెళ్లారు.

దసరా సెలవులకి ఇంటికి పోయినప్పుడు బా ఒక మాట అడిగాడు. "ఇన్నేళ్లు ఆడావు కదరా, దాంతో ఏం వస్తది?" అది తిట్టు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. మా కాకా అయితే కానిస్టేబుల్ కోచింగ్‌లో చేరమన్నాడు. వాళ్లిద్దరికీ ఏం చెప్పాలా అని వెతుకుతుంటే సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి గురించి చదివా.

2024లో వచ్చిన 'మైదాన్' హిందీ సినిమాలో అజయ్ దేవగణ్ వేసింది ఆయన పాత్రే. సినిమా చూసినోళ్లకి ఆయన గొప్ప కోచ్‌గా తెలుసు. నన్ను పట్టుకుంది అంతకుముందు సంగతి. రహీమ్ గారు 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టుకి ఆడారు, తర్వాత హైదరాబాద్ లోకల్ లీగ్ క్లబ్బులకి ఆడారు. అక్కడితో సరి. ఇండియా జెర్సీ ఒక్కసారి కూడా వేసుకోలేదు. బతుకుదెరువుకి బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ స్కూళ్లల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బడిపిల్లల ఆటలు కూడా చూసుకున్నారు. అంటే ఆటగాడిగా ఆయన మనలాంటి మామూలు మనిషే.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఇండియా జట్టుకి కూడా ఆయనే కోచ్. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడారు. మనవాళ్లు చాలామంది ఆ రోజు బూట్లు లేకుండా ఆడారు. నాలుగేళ్లకి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే ఇండియా ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్‌కి పోయింది, నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ ఆసియా బంగారు పతకం. అప్పటికే ఆయనకి క్యాన్సర్. మరుసటి ఏడు జూన్ 11న చనిపోయారు.

పతకాల సంగతి అలా ఉంచి, ఆయన కుర్రాళ్లకి ఆట నేర్పిన తీరు చూడండి. డ్రిబ్లింగ్ చెయ్యకూడదు అనే రూల్‌తో టోర్నమెంట్లు పెట్టేవారు. బాల్ అందగానే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. బలం లేని కాలితోనే ఆడాలి అని కూడా పోటీలు పెట్టారు. చదవగానే నాకు మా స్కూల్ గ్రౌండ్ గుర్తొచ్చింది. మన దగ్గర ఆట ఎట్లా ఉంటది? ఒంట్లో బలం ఉన్న పెద్దోడి కాడే బాల్ ఉంటది. చిన్నోడు కంపచెట్లల్లో పడ్డ బాల్ తెచ్చియ్యడానికే. గంట ఆడితే ఆ పిల్లోడి కాలికి బాల్ ఐదుసార్లు కూడా తగలదు. రహీమ్ గారి రూల్ పెడితే అందరికీ బాల్ అందుద్ది, అందరూ తలెత్తి పక్కోణ్ణి చూసి ఆడాలి. దానికి స్టేడియం అక్కర్లా, డబ్బులు అక్కర్లా. ఆ రూల్ పెట్టి పక్కన నిలబడే మనిషి ఒకడు కావాలి, అంతే.

నేను చదివిన బడిలో ఆ మనిషే లేడు. మూడేళ్లు పీఈటీ పోస్ట్ ఖాళీ. లెక్కల సారే సాయంత్రం పూట విజిల్ ఊది మమ్మల్ని ఆడించారు. ఆయనకి ఆఫ్‌సైడ్ రూల్ తెలీదు, కానీ రోజూ ఐదింటికి గ్రౌండ్‌లో ఉండేవారు. నేను ఈ మాత్రం ఆడానంటే ఆయన వల్లే.

రహీమ్ గారి చేతుల్లో తయారైన ఆటగాళ్లల్లో తులసీదాస్ బలరామ్ ఒకరు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద ఇంట పుట్టారు. ఆడటానికి బూట్లు లేకపోతే పోలీసులు వదిలేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టే ఆయన చేత కుట్టించుకున్నారట. రహీమ్ గారు ఆయన ఆట చూసి రమ్మంటే, రోజూ అంత దూరం వచ్చే స్తోమత లేదన్నారు. సైకిల్ ఏర్పాటు చేసింది రహీమ్ గారే. ఆ కుర్రాడే 1956, 1960 ఒలింపిక్స్ ఆడారు, 1962 జకార్తా జట్టులో ఉన్నారు. జబ్బు చేసి చిన్న వయసులోనే ఆట ఆపేశాక కలకత్తాలో పిల్లల జట్టుకి ఆయన కూడా కోచ్ అయ్యారు. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలోనే చనిపోయారు.

ఇవన్నీ పాత రోజులు అంటారేమో. మన పిల్ల సంగతే చూడండి. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య. లంబాడీ ఇంటి ఆడపిల్ల. చిన్నప్పుడు ఆమె పరుగు చూసి ఒక కోచ్ ఫుట్‌బాల్ వైపు తిప్పాడు. 2022లో క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్‌కి ఆడింది, ఇండియా జట్టుకి ఆడుతోంది. ఆమె పేరు మనందరికీ తెలుసు, గర్వంగా స్టేటస్ పెట్టుకుంటాం. నాకు మాత్రం, ఆ రోజు ఆ కోచ్ ఆ గ్రౌండ్‌లో లేకపోతే ఏమయ్యేది అనిపిస్తది. మాచర్ల, దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి తండాల్లో అట్లా పరిగెత్తే పిల్లలు లేరా? ఉన్నారు. మేకల ఎనకాల పరిగెత్తుతున్నారు, కోతల సీజన్లో అమ్మానాన్నల ఎంట పోయి బడి మానేస్తున్నారు.

మా హాస్టల్ సీనియర్ అన్న ఒకాయన ఉన్నాడు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ లోకల్ లీగ్‌లో కింది డివిజన్ జట్లకి నాలుగేళ్లు ఆడాడు. ఒక సీజన్‌కి ఒక క్లబ్. మ్యాచ్ ఉంటే చార్జీలు, భోజనం, చేతికి కొంత. మ్యాచ్ లేకపోతే ఫుడ్ డెలివరీ. మోకాలు దెబ్బతిని తిరిగొచ్చాడు. ఊళ్లో కొందరు "ఏం సాధించాడు" అన్నారు. ఇప్పుడు పొద్దున పని చేసుకుని సాయంత్రం ఇరవై మంది పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. మోకాలు ఎట్లా కాపాడుకోవాలో వాళ్లకి ముందే చెప్తాడు. నాలుగేళ్లు తిరిగి తెచ్చింది అదేరా అంటాడు.

అందుకే నేను బీపీఈడీకి పోదామనుకుంటున్నా. తెలియని తమ్ముళ్ల కోసం చెప్తున్నా: ఏపీ పీఈసెట్‌కి రాత పరీక్ష ఉండదు. 100 మీటర్ల పరుగు, షాట్‌పుట్, లాంగ్ జంప్ లేదా హై జంప్, అబ్బాయిలకి 800 మీటర్లు, అమ్మాయిలకి 400 మీటర్లు, పైన ఒక ఆటలో స్కిల్ టెస్ట్. డిగ్రీ అయినోళ్లకి రెండేళ్ల బీపీఈడీ, ఇంటర్ అయినోళ్లకి డీపీఈడీ. ఇది కాకుండా ఫుట్‌బాల్ కోచ్ కావాలంటే ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ డి లైసెన్స్ ఉంది. తర్వాత సి, బి, ఎ. ఇండియాకి ఆడి ఉండాలనే రూల్ ఏమీ లేదు.

ఇదంతా బాకి ఫోన్‌లో చెప్పా. "ఉద్యోగం ఖాయమా?" అన్నాడు. ఖాయం కాదు బా, డీఎస్సీ పడాలి, పోటీ ఉంటది అని ఉన్నది ఉన్నట్టు చెప్పా. కానిస్టేబుల్ అప్లికేషన్ కూడా పెట్టమన్నాడు. సరేనన్నా. రెండూ చేస్తా. ఇంటి పరిస్థితి నాకు తెలుసు.

సంక్రాంతి సెలవుల నుంచి మా తండాలో రోజూ సాయంత్రం పిల్లల్ని ఆడిద్దామనుకుంటున్నా, డ్రిబ్లింగ్ లేని రూల్‌తో. రెండు బాల్స్ ఉన్నాయి. మూడు, నాలుగు, ఐదు సైజుల పాత బూట్లు ఎవరి దగ్గరన్నా పడి ఉంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటా. పీఈసెట్ రాసిన అన్నలు, అక్కలు ఉంటే షాట్‌పుట్‌కి ఎట్లా తయారయ్యారో కింద రాయండి. నాకు అదొక్కటే రావట్లా.